నాన్న .32 పిస్తోలు నా పేరు మీదకు మారిన వైనం, మధ్యలో సీసం బుల్లెట్ల గోల

మాది రాజాం దగ్గర పల్లెటూరు. 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాం, ఆ రోజు నుంచి విజయనగరం జిల్లా వాళ్లమైపోయాం. ఈ ముక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. నాన్న ఆయుధ లైసెన్సు పాత జిల్లాలో ఇచ్చింది, నేను దరఖాస్తు పెట్టుకోవాల్సింది కొత్త జిల్లాలో. ఈ రెండింటి మధ్య ఉత్తరాలు నడిచేసరికే సగం కాలం గడిచిపోయింది. ఎవరి తప్పూ కాదు, పాత రికార్డు సరిచూడకుండా తుపాకీ ఇంకొకరి పేరున రాయమంటే ఎవరు రాస్తారు?

నాన్నది గోగునార వ్యాపారం. ఇప్పట్లా ఫోన్‌లో డబ్బు వేసే రోజులు కావు, రైతుకి నోట్ల కట్ట చేతిలో పెడితేనే నార బండి ఎక్కేది. రాత్రిపూట డబ్బుతో తిరగాలి కాబట్టి లైసెన్సు తీసుకుని సెకండ్ హ్యాండ్‌లో ఒక వెబ్లీ అండ్ స్కాట్ పిస్తోలు కొన్నారు. .32 బోరు (గొట్టం లావు అంగుళాల్లో చెప్పే కొలత), ఎనిమిది తూటాల మేగజైన్ (పిడిలో దూర్చే తూటాల డబ్బీ), సెమీ ఆటోమేటిక్, అంటే ఒకటి పేలాక తర్వాతి తూటా దానంతటదే ఎక్కే రకం. లండన్ పోలీసులు 1911లో తీసుకున్నది ఈ రకమే. నాన్న దాన్ని ఎవరి మీదా ఎత్తింది లేదు. బీరువాలో ఉండేది, ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేసేవారు, రసీదు తెచ్చి పంచాంగంలో దాచేవారు. 2024 ఎన్నికలప్పుడు కూడా అలాగే ఇచ్చి, తెచ్చుకున్నాక, "ఇంక నా వల్ల కాదురా, నువ్వైనా రాయించుకో, లేపోతే అప్పజెప్పేద్దాం" అన్నారు.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, దీనికి తండ్రి పోయేదాకా ఆగక్కర్లేదు. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, ఆ ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుల్లో ఒకరికి ఇవ్వొచ్చు. ఆ వారసుడికి విడిగా లైసెన్సు రావాలి, పోలీసు విచారణ వగైరా అన్నీ మామూలుగానే ఉంటాయి. కొడుకువి కదా అని ఎవరూ వదిలెయ్యరు. ఇంకో సంగతి, 2019 సవరణ తర్వాత మనిషికి రెండు ఆయుధాలే, అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్సు కాలం మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆయుధ లైసెన్సుల కోసం ఉన్న ఎన్‌డాల్ ఎలిస్ పోర్టల్‌లో ఫారం ఎ-1 నింపి, ప్రింటు తీసి, కాగితాలన్నీ జతచేసి కలెక్టరేట్‌లో ఇచ్చాను. ఆధార్, ఫొటోలు, నాన్న లైసెన్సు కాపీ, ఆయన రాసిచ్చిన అంగీకారం, డాక్టరు సర్టిఫికెట్ (ఒంటి ఆరోగ్యంతో పాటు మానసిక ఆరోగ్యం గురించి కూడా రాయాలి), ఆయుధం వాడకం మీద శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్. పోలీసు విచారణకి వచ్చినవాళ్లు మర్యాదగానే మాట్లాడారు. పక్కింటి వాళ్లను అడిగారు, బీరువా ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో చూశారు. అమ్మ టీ పెట్టింది, తాగలేదు.

వీటితో పాటు చెల్లి నుంచి అభ్యంతరం లేదని కాగితం కావాలన్నారు. చెల్లి, బావ డల్లాస్‌లో ఉంటారు. కాగితం పని మీద ఫోన్ చేస్తే బావ అసలు విషయం వదిలేసి తూటాల గురించి మొదలెట్టాడు. ఆయనది బొబ్బిలి, ఇక్కడున్నన్నాళ్లూ ఎలక బోను తప్ప ఆయుధం ముట్టలేదు, అక్కడికెళ్లాక మాత్రం శనివారం వస్తే రేంజ్‌లోనే. .45 పిస్తోలుకి సొంతంగా సీసం కరిగించి అచ్చులో బుల్లెట్లు పోసుకుంటాడు. బుల్లెట్ అంటే మొత్తం తూటా కాదు, తూటా ముందుండి ఎగిరిపోయే ముక్క. "రాగి తొడుగుది కొనడం దండగ బామ్మర్దీ, గట్టి సీసంతో పోసుకుంటే సగం ఖర్చు, నీ .32కి కూడా పోసుకోవచ్చు" అన్నాడు. ఆ మాట బుర్రలో ఉండిపోయింది.

లైసెన్సు చేతికొచ్చాక, నాన్న లైసెన్సు అప్పజెప్పి పిస్తోలు నా పుస్తకంలో ఎక్కించుకుని, తూటాలకి విశాఖ వెళ్లాను. నాన్న దగ్గరున్నవి ఎప్పటివో, పచ్చగా చిలుం పట్టినవి, వాటిని నమ్మలేం. షాపులో ఆయన అడిగిన మొదటి మాట, ".32 అంటే రివాల్వరుదా, పిస్తోలుదా?"

ఇక్కడే అసలు విషయం ఉంది. మన దేశంలో లైసెన్సులో .32 అని మాత్రమే రాసుంటుంది, కానీ ఆ పేరుతో తిరిగే తూటాలు రెండు. ఒకటి .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్, రివాల్వర్లలో వాడేది. పొడవు సుమారు 32 మిల్లీమీటర్లు, అడుగున బయటకు పొడుచుకొచ్చిన అంచు, ముందు 98 గ్రెయిన్ల (బుల్లెట్లు తూచే చిన్న కొలత) బరువున్న బుల్లెట్, అది తొడుగు లేని ఉత్త సీసం. రెండోది .32 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్), తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1899లో పిస్తోలు కోసమే చేసింది. 25 మిల్లీమీటర్ల పొడవు, అంచు కొంచెమే బయటకు ఉంటుంది, 71 గ్రెయిన్ల బుల్లెట్ మీద తొడుగు. ఒకదాని బదులు ఇంకోటి పనిచెయ్యదు. రివాల్వరు తూటా పిస్తోలు మేగజైన్‌లో పట్టదు కూడా. షాపాయన అడక్కుండా ఇచ్చేసి ఉంటే మళ్లీ విశాఖ దాకా ప్రయాణం, పైగా లైసెన్సులో ఎంట్రీ పడ్డాక వెనక్కి ఇవ్వడం ఇంకో తలనొప్పి. అందుకే షాపుకి వెళ్లేముందు పిస్తోలు బ్యారెల్ (గొట్టం) మీద ఏం చెక్కి ఉందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

మరి సీసం చౌక కదా, రివాల్వరుకి ఉత్త సీసం పెట్టి పిస్తోలుకి తొడుగు ఎందుకు పెట్టారు? దీని మీద మా వీధిలో సుబేదార్ మావయ్యను పట్టుకున్నాను. ఆర్మీలో ఆయుధాల మరమ్మతులోనే సర్వీసంతా గడిపిన మనిషి. మా వైపు ప్రతి ఊళ్లోనూ ఇలాంటి మావయ్య ఒకరు ఉంటారు, అడిగేవాళ్లే ఉండరు.

ఆయన చెప్పింది ఇది. రివాల్వరులో తూటా గదిలో కూర్చునే ఉంటుంది, గది తిరిగి బ్యారెల్ ముందుకొస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో అలా కాదు. పిస్తోలు పై భాగంలో జారే స్లైడు వెనక్కెళ్లి ముందుకొస్తూ మేగజైన్లో పై తూటాని ఈడ్చి, ఏటవాలుగా ఉన్న రేకు మీదుగా ఎక్కించి, దెబ్బతో చాంబర్లోకి, అంటే తూటా పేలే గదిలోకి, తోస్తుంది. మెత్తని సీసం ముక్కు అయితే అక్కడే నొక్కుకుపోతుంది, అంచు చెక్కుకుపోతుంది, ఆ తురుము చాంబర్లో పేరుకుని నాలుగు రౌండ్ల తర్వాత స్లైడు పూర్తిగా మూసుకోదు. అందుకని సీసానికి యాంటిమొనీ, తగరం కలిపి గట్టిపరుస్తారు. స్వచ్ఛమైన సీసం గట్టిదనం బ్రినెల్ కొలతలో 5 ఉంటే, అమెరికాలో షాపుల్లో దొరికే గట్టి పోత (92 పాళ్లు సీసం, 6 యాంటిమొనీ, 2 తగరం) 15, 16 దాకా వస్తుంది. బావ చెప్పే గట్టి సీసం (ఇంగ్లీషులో హార్డ్ కాస్ట్) అదే.

"గట్టిగా ఉంటే చాలా మావయ్యా?" అంటే నవ్వారు. "గట్టిదనం కాదురా అల్లుడూ, కొలత ముఖ్యం. బ్యారెల్ గాళ్ల కన్నా బుల్లెట్ వెంట్రుకవాసి లావుండాలి. సన్నగా ఉంటే వెనక నుంచి వేడి గ్యాసు పక్కల్లోంచి దూరి సీసాన్ని కోసుకుపోతాది, ఆ కోసిందంతా పోయి గాళ్లకి అతుక్కుంటాది."

గాళ్లంటే బ్యారెల్ లోపల మెలితిరిగి ఉండే గాడులు. లావు ఎంతంటే, అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువ. దానికోసం మెత్తటి సీసం ముద్దని బ్యారెల్లోంచి తోసి, బయటకొచ్చిన దాని మందం మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ తర్వాతే బుల్లెట్ సైజు తేల్చుకుంటారట. ఇంకో మెలిక, మరీ గట్టిగా ఉన్నా నష్టమే. తక్కువ ఒత్తిడి తూటాల్లో గట్టి బుల్లెట్ అడుగు భాగం విచ్చుకోదు, బ్యారెల్‌ని మూయదు, అప్పుడు కూడా గ్యాసు కారి సీసం పడుతుంది. అందువల్ల "గట్టి సీసం అయితే బ్యారెల్ శుభ్రంగా ఉంటుంది" అనేది సగం నిజం. బుల్లెట్ గాడుల్లో పెట్టే మైనం లాంటి పూత కూడా సరిగ్గా ఉండాలి. కొన్ని పిస్తోళ్లకి అసలు వద్దంటారు. గ్లాక్ కంపెనీ వాళ్ల బ్యారెల్లో గాళ్లు పదునుగా ఉండవు, పలకలుగా ఉంటాయి, తొడుగు లేని సీసం వాడొద్దని ఆ కంపెనీయే చెప్తుంది.

నేను ఇంక తేల్చేశాను, సెమీ ఆటోమేటిక్‌కి సీసం పనికిరాదని. మావయ్య ఒప్పుకోలేదు. .22 పిస్తోళ్లు చాలావరకు ఉత్త సీసంతోనే కదా నడుస్తున్నాయి అన్నారు. అంతెందుకు, 25 మీటర్ల సెంటర్ ఫైర్ (తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే రకం) పోటీల్లో వాడేవి సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్లే, అందులో చాలావాటిలో వేసేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ సీసం తూటానే, ముక్కు లేకుండా చదునుగా కోసినట్టుండేది. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన షూటర్ జస్పాల్ రాణా 590 పాయింట్లు కొట్టి ప్రపంచ రికార్డుని సమం చేసిన పోటీ అదే. కాకపోతే ఆ పిస్తోలు, మేగజైన్, స్ప్రింగు అన్నీ ఆ తూటా కొలత చూసే చేసినవి. సీసం సెమీ ఆటోమేటిక్‌లో నడవదని కాదు, ఏ సీసం, ఏ కొలత, ఏ పిస్తోలు అనేది చూసుకోవాలి. నాకు ఈ వివరణ నచ్చింది.

ఇక మా పిస్తోలు సంగతి. నాన్న దాన్ని తోలు సంచిలోనే ఉంచి ఏళ్ల తరబడి దాచారు. తోలు మన వానాకాలం చెమ్మంతా పీల్చుకుని ఇనుముకి అప్పజెప్తుంది. బ్యారెల్లో లైటు వేసి చూస్తే గాళ్ల మధ్య చిన్న చిన్న గుంటలు. మావయ్య ఒక్క చూపు చూసి, "దీనిలో సీసం కొట్టావంటే ప్రతి గుంటా సీసం పట్టీసుకుంటాది, తొడుగుదే వెయ్" అన్నారు. ఈ వెబ్లీలో స్ప్రింగు కూడా చిత్రంగా ఉంటుంది, మామూలు చుట్ట కాదు, ఇంగ్లీషు వి అక్షరంలా వంచిన పట్టీ, కుడి పక్క పిడి చెక్క కింద ఉంటుంది. పాతబడి సత్తువ తగ్గితే స్లైడు జోరు మారిపోతుంది. ఈ పిస్తోలు బ్యారెల్‌నీ స్లైడునీ కలిపి బిగించే తాళం లేని రకం కాబట్టి, కాల్చినప్పుడు వెనక్కి వచ్చే ఊపుని ఆపేది స్లైడు బరువూ ఆ స్ప్రింగూ మాత్రమే. అది సరిచేయించకుండా కాల్చొద్దని షాపాయన కూడా అన్నాడు. లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరే చేయించాను, రసీదుతో.

బావకి ఇవన్నీ చెప్తే, "సరేగానీ పోసుకోవడానికి అచ్చు పంపిస్తాను, రివాల్వరు ఎప్పుడైనా కొంటే పనికొస్తాది" అన్నాడు. ఇక్కడ మాత్రం గట్టిగా వద్దని చెప్పాల్సి వచ్చింది. టెక్సాస్‌లో అది ఆదివారం కాలక్షేపం. ఇక్కడ 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం. మందుగుండు భాగాలు, వాటిని చేసే యంత్రాలు కూడా ఆ చట్టం చెప్పే "మందుగుండు"లోకే వస్తాయి. 2019 తర్వాత ఈ నేరానికి శిక్ష కనీసం ఏడేళ్లు, పైన యావజ్జీవం దాకా. మన చేతిలో ఉన్న లైసెన్సు దగ్గర పెట్టుకోవడానికీ కొనడానికీ, తయారీకి కాదు. అచ్చు సరదాకి తెచ్చిన ఎన్నారై బంధువు వల్ల ఇంటాయన కోర్టు చుట్టూ తిరగడం నాకిష్టం లేదు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చే సరదా ఉన్నవాళ్లకి కూడా అదే సవరణలో రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టారు. మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్లికి ఒకటి పేల్చమని అడిగినవాళ్లకి ఈ సెక్షన్ చదివి వినిపించాను, ముఖాలు మాడిపోయాయి.

స్ప్రింగు వేయించాక, అనుమతి ఉన్న రేంజ్‌లో మావయ్యని పక్కన పెట్టుకుని పరీక్షించాం. మొదట మేగజైన్లో ఒక్క తూటానే పెట్టి, తర్వాత రెండు, తర్వాత నిండుగా. ఏసీపీ తూటాకి అంచు కొంచెం బయటకు ఉంటుందన్నాను కదా, మేగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింద తూటా అంచుకి వెనక పడితే రెండూ తాళం పడినట్టు బిగుసుకుంటాయి, అసలు కదలవు. ప్రతి తూటా అంచూ కిందదాని ముందు ఉండేలా ఎక్కించాలి. అది మావయ్య చూపించాక ఒక్కటీ ఇరుక్కోలేదు. గురి సంగతి అడక్కండి, పది మీటర్లలో పళ్లెం అంత చోట పడ్డాయి, ఆ గుంటల బ్యారెల్‌కి అది ఎక్కువే.

రేంజ్ నుంచి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా టిఫిను ముట్టనివ్వలేదు మావయ్య. తొడుగు బుల్లెట్ అయినా తూటా అడుగున పేలే మందులో సీసం ఉంటుందట, పొగలో అదే వస్తుంది, మూసిన గదిలో అయితే ఇంకా ఎక్కువ. పిల్లలున్న ఇంట్లో ఆ బట్టలతో మంచం మీద కూర్చోవడం కూడా మానేశాను.

ఇప్పుడు పిస్తోలు నూనె రాసిన బట్టలో చుట్టి ఇనప బీరువాలో ఉంది, తూటాలు వేరే అరలో, తాళాలు వేరు. తోలు సంచిని నాన్న పారేయనివ్వలేదు, కళ్లజోడూ రసీదులూ పెట్టుకుంటున్నారు. తూటాలు కొన్న ఎంట్రీలో ".32 ఏసీపీ" అని విడిగా రాయించుకున్నాను, వచ్చేసారి ఎవరు వెళ్లినా షాపులో మళ్లీ ఆ చర్చ లేకుండా.