శ్రీరాగంలో ఒక గాంధారం కోసం

1847లో పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజస్వామి సిద్ధి పొందారు. ఏటా ఆ తిథికి తిరువయ్యారులో ఆయన సమాధి ఎదుట, అలాగే మన ఊళ్ల సభల్లోనూ విద్వాంసులు ఆయన రచించిన ఐదు పంచరత్న కృతులను గోష్ఠిగా పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి రాగాల కృతులు దాటి శ్రీరాగంలోని ‘ఎందరో మహానుభావులు’ అందుకోగానే కూర్చున్నవారందరూ గొంతు కలుపుతారు. నేనూ ఏళ్ల తరబడి కలిపాను గానీ, ఆ కృతిని విన్నానని చెప్పలేను.

సాహిత్యం అర్థం కావడమే తెలుగువారికి ఇక్కడ చిక్కు. మాటల వెంట పోయి స్వరాన్ని వదిలేస్తాం. ఒక ఆరాధనలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ పెదవి కదపకుండా ఒడిలో ఆదితాళం వేస్తున్నారు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఆపైన దెబ్బ, తిప్పు, మళ్లీ దెబ్బ, తిప్పు. “నోటికి కాసేపు సెలవివ్వు నాయనా, ముందు చేతిని పాటలో పెట్టు” అన్నారు.

ఈ కృతిలో ప్రతి చరణాన్నీ ముందు స్వరాలుగా పాడి, వెంటనే అదే వరుస మీద సాహిత్యం పాడతారు కనుక వినడం నేర్చుకొనేవారికి ఇంతకంటే మంచి బడి ఉండదు. శ్రీరాగం ‘స రి మ ప ని స’ అంటూ గాంధారాన్ని, అంటే ‘గ’ స్వరాన్ని, తాకకుండా పైకి వెళుతుంది. దిగివచ్చేటప్పుడు మాత్రమే, ‘రి గ రి స’ అన్న చోట, అది క్షణకాలం పలుకుతుంది. దాని కోసం కాచుకొని కూర్చున్న ఆ కాసేపూ మనసు మరోచోటికి పోలేదు.

‘మానస వనచర వర సంచారము నిలిపి మూర్తి బాగుగ పొడగనేవారు’ అన్న చరణం నాకు అప్పుడు తెలిసివచ్చింది. వనచరమంటే ఇక్కడ మనసనే కోతి. దాని గెంతులను ఆపినవారికి స్వామి వందనం చేస్తున్నారు, ఆ పాదంలో పాడటం ఊసే లేదు. భాగవత శ్లోకంలో ప్రహ్లాదుడు కూడా కీర్తనానికి ముందు శ్రవణాన్నే చెప్పాడు.

గౌళ కృతి దగ్గర నాకు ఇప్పటికీ లెక్క తప్పుతుంది. తప్పినప్పుడు ముందు వరుసలో ఎవరి చేయి కదులుతున్నదో చూసి, మళ్లీ దెబ్బకు కలుసుకుంటాను.