మరునాటి దాకా ఉన్నవాడు

దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని ఇద్దరు చూసి కూడా దాటిపోతే, మూడోవాడు, యూదులు దూరం పెట్టే సమరయ జాతివాడు, ఆగి ఆదుకున్నాడని యేసు చెప్పిన మంచి సమరయుడి కథ మళ్లీ వివరంగా చెప్పను. సండే స్కూల్లో నాటకం వేసినవాళ్లం, వేసవి సెలవుల బైబిలు బడి వీబీఎస్‌లో చార్టు మీద బొమ్మలు అతికించినవాళ్లం, మనందరికీ అది కంఠతా వచ్చు. ఒక్క పని చేయండి. లూకా సువార్త 10వ అధ్యాయం తెరిచి 34, 35 వచనాలు మాత్రం నెమ్మదిగా చదవండి.

34వ వచనం "ఒక పూటకూళ్లవాని యింటికి తీసికొనిపోయి అతని పరామర్శించెను" అని ముగుస్తుంది. 35వ వచనం "మరునాడతడు రెండు దేనారములు తీసి" అని మొదలవుతుంది.

ఆ "మరునాడు" అనే మాటను నేను ఎన్నో ఏళ్లు ఊరికే దాటిపోయాను. మరునాడు డబ్బు తీసి ఇచ్చాడంటే, ఆ రాత్రి అతను అక్కడే ఉన్నాడన్నమాట. గాయాలు కట్టి, వాహనం మీద ఎక్కించి, సత్రంలో దింపి, నా పని అయిపోయింది అనుకోలేదు. అతనికీ ప్రయాణం ఉంది, అతనికీ ఎక్కడో ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు. అయినా ఉండిపోయాడు. ఆ రాత్రి ఏం జరిగిందో లూకా ఒక్క ముక్క కూడా రాయలేదు. రోగి పక్కన రాత్రులు గడిపినవాళ్లకు రాయకపోయినా తెలుస్తుంది. దెబ్బలు తిన్న ఒంటికి చీకటి పడ్డాకే నొప్పి ఎక్కువవుతుంది. జ్వరం కాస్తుంది. నోరు ఎండిపోతుంది. కట్టు నెత్తురుతో తడిసి అంటుకుపోతుంది. ఒంటికి పోవాలన్నా లేవలేడు. ఎవరో ఒకరు దీపం పట్టుకుని మూడుసార్లో నాలుగుసార్లో లేవాలి. మన తెలుగు బైబిలు ఆ లేవడానికి పెట్టిన పేరే పరామర్శించుట.

ఆ మాటను మనం ఎంత చిన్నది చేసేశామో చూస్తే నాకు బాధ వేస్తుంది. ఇప్పుడు పరామర్శ అంటే నాయకులు కారు దిగి భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగడం. మనకైతే అరడజను యాపిల్స్, ఒక హార్లిక్స్ సీసా, ఐదు నిమిషాల ప్రార్థన, "ధైర్యంగా ఉండండి సిస్టర్, దేవుడున్నాడు". యాకోబు పత్రిక 1:27 చూడండి. పవిత్రమైన, నిష్కళంకమైన భక్తి ఏదంటే "దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుట". అక్కడా అదే మాట. వారి యిబ్బందిలో అన్నాడు. మనకు వీలైన సాయంకాలం అనలేదు, ఆరాధన అయ్యాక దారిలోనే కదా ఒకసారి చూసి పోదాం అనలేదు.

ఇది నాకు తెలిసింది మా అమ్మ మంచం పక్కన. నాలుగేళ్ల కిందట అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డులో పందొమ్మిది రోజులు ఉన్నాం. సంఘం నుంచి చాలామంది వచ్చారు. మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు, ఆ ప్రార్థనలు మాకు నిజంగా బలాన్నిచ్చాయి. కానీ సాయంత్రం ఆరున్నర దాటితే ఎవరూ ఉండేవారు కాదు. వాళ్లను తప్పు పట్టే అర్హత నాకు లేదు. అంతకుముందు ఇరవై ఏళ్లుగా నేనూ అలాగే ఎందరినో చూసి, ప్రార్థన చేసి, చీకటి పడకముందే ఇంటికి చేరుకున్నదాన్నే.

ఐదో రాత్రి నాకు ఒళ్లు తెలియని నిద్ర పట్టేసింది. కింద చాప మీద పడుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చి చూస్తే, పక్క మంచం పేషెంటు కోడలు మా అమ్మ దుప్పటి మారుస్తోంది. అమ్మను మెల్లిగా ఒక పక్కకు ఒత్తిగిల్లించి, తడిసిన దుప్పటిని నడుము దాకా చుట్టి, పొడి దుప్పటి సగం పరిచి, మళ్లీ ఇటు తిప్పి రెండో సగం లాగింది. ఫ్లాస్కులో నీళ్లు గుడ్డ మీద ఒంపుకుని తుడిచింది. విరిగిన వైపు కాలు కదలకుండా మధ్యలో దిండు పెట్టింది. అమ్మ సిగ్గుతో ఏడుస్తోంది. "మా అత్తకు చేయట్లేదా పిన్నిగారూ, మీకు చేస్తే ఏమైంది? ఊరుకోండి" అంది ఆ అమ్మాయి. నేను లేవబోతే, "మీరు పడుకోండక్కా, పగలంతా మీరేగా తిరిగేది" అంది.

ఆమె చేతికి కాశీతాడు ఉంది. దిండు కింద ఏదో గుడి కుంకుమ పొట్లం ఉంది.

"నా పొరుగువాడెవడు" అని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడికే ప్రభువు ఈ కథ చెప్పి, ఆ ముగ్గురిలో ఎవడు పొరుగువాడని తిరిగి అడిగాడు. ఆ ఉపదేశకుడి నోటికి "సమరయుడు" అన్న మాట రాలేదు. "అతనిమీద జాలిపడినవాడే" అన్నాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని యోహాను 4వ అధ్యాయంలో చదువుతాం కదా, ఆ పేరు పలకడానికి కూడా ఆయనకు మనసు రాలేదు. మన కూటాల్లో ఎంత తేలిగ్గా "అన్యులు" అనేస్తాం! ఆ రాత్రితో ఆ మాట నా నోట్లోంచి పోయింది. మా అమ్మకు ఆ రాత్రి పొరుగు ఆ అమ్మాయే. కులం చూసి పెళ్లిళ్లు, కులం చూసి సంఘాలు నడుపుకుంటున్న మనం, సమరయుడి మీద ప్రసంగాలు వింటూ ఎవరి పక్కన నిలబడ్డామో ఒకసారి మోకాళ్ల మీద ఆలోచించాలి.

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రి గురించి పెద్దవాళ్లు వినే ఉంటారు. ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండు డాక్టరమ్మ మొదలుపెట్టింది, 1915లో. దానికి పెద్ద విరాళం ఇచ్చిన నర్సా గౌడ్ గారు హిందువు. అప్పట్లో చాల్మూగ్రా అనే చెట్టు గింజల నూనె ఇంజెక్షన్లే వైద్యం. చాలా నొప్పి, పైగా నెలల తరబడి, ఏళ్ల తరబడి పొడవాలి. సొంతవాళ్లే ఊరి బయటకు పంపేసిన మనుషుల పుండ్లు రోజూ కడిగి కట్టాలి. సమరయుడు గాయాల మీద పోశాడని లూకా రాసిన "నూనెయు ద్రాక్షారసమును" చదివినప్పుడల్లా నాకు ఆ నూనె గుర్తొస్తుంది. ఆమె 1932లో డిచ్‌పల్లిలోనే చనిపోయింది. ఆ రోగుల మరునాడు చూడ్డానికి పదిహేడేళ్లు ఉండిపోయింది.

దేనారం అంటే కూలివాడి ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట కూలీలకు ఇచ్చింది అదే. సమరయుడు రెండు రోజుల కూలి ఇచ్చి, ఇంకా ఖర్చయితే మళ్లీ వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ఇంతే ఇస్తాను అని గీత గీయలేదు. ప్రేమకు ఖాతా మూసేయడం తెలియదు. నాకు ఇక్కడ మన ప్రభువు గొంతే వినిపిస్తుంది. ఆయన కూడా మళ్లీ వస్తానన్నాడు. అందాకా తనవాళ్లను మన చేతుల్లో పెట్టి, "ఇతని పరామర్శించుము" అని వెళ్లాడు.

కాబట్టి అన్నలారా, అక్కలారా, మీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. వాట్సాప్ గ్రూపులో "ప్లీజ్ ప్రే" అని మెసేజ్ వస్తే ఆమెన్ పెట్టండి, పెట్టాక ఫోన్ చేసి "రాత్రికి ఎవరున్నారు?" అని అడగండి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు మన ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్లు చర్చికి వస్తారా లేదా అని చూడకండి. డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు వెళ్లేవాళ్లకు తోడు వెళ్లే మనిషి కావాలి. రాత్రి ఉండలేనివాళ్లు పొద్దున్నే కాఫీ, రెండు ఉతికిన దుప్పట్లు తీసుకెళ్లండి. ఆడవాళ్ల మైత్రి కూటంలో పాటలకు, వాక్యానికి పేర్లు రాసుకుంటాం కదా, ఆస్పత్రి రాత్రులకు కూడా రాసుకుందాం. యౌవనస్థులకు ఇది నేర్పండి. పడకలో ఉన్న మనిషిని నొప్పి తెలియకుండా ఒత్తిగిల్లించడం బైబిలు క్విజ్‌లో ఉండదు.

మొన్న బుధవారం మా వీధి చివరింట్లో మాస్టారు గారికి పక్షవాతం వచ్చి ఇంటికి తెచ్చారని తెలిసి వెళ్లాను. ఆయన జీవితంలో చర్చి గడప తొక్కలేదు. వాళ్లమ్మాయి కళ్లు మూతలు పడిపోతున్నాయి. ప్రార్థన చేయనా అని అడగబోయి, "రాత్రికి ఎవరున్నారమ్మా?" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పదకొండింటికి ఒక మాత్ర వేయాలి ఆంటీ, మళ్లీ మూడింటికి ఇటు తిప్పాలి" అని చెప్పి, దుప్పట్లు ఏ బీరువాలో ఉన్నాయో చూపించింది.