బంతి లేని చోట చూడడానికి ఢిల్లీ వెళ్లాం

2008 ఆగస్టు మొదటి వారంలో నేను, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకు, హైదరాబాదు వెళ్లడానికి సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు రెండు టికెట్లు తీసి పెట్టుకున్నాం. అప్పుడు అక్కడ ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఛాలెంజ్ కప్ జరుగుతోంది. ఫుట్‌బాల్‌లో ఇంకా ఎదుగుతున్న ఆసియా దేశాల కోసం 2006లో మొదలైన పోటీ అది. ఆ సంవత్సరం ఎనిమిది జట్లు వచ్చాయి. గెలిచిన జట్టుకు 2011లో ఖతర్‌లో జరిగే ఆసియా కప్‌లో చోటు దొరుకుతుంది. అప్పటికి మన దేశం ఆసియా కప్‌లో చివరిసారి ఆడింది 1984లో. కాబట్టి ఈ ఫైనల్‌ను టీవీలో చూసి సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ఇంతలో హైదరాబాదును వానలు పట్టుకున్నాయి. మైదానాలు ఆటకు పనికిరాకుండా పోవడంతో ఫైనల్‌ను ఢిల్లీలోని అంబేద్కర్ స్టేడియానికి మార్చారు. ఆ వార్త చదివిన పూట నాకు అన్నం సయించలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానంలో నిలిపి, 1962లో జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదు మనిషి. ఇన్నేళ్ల తర్వాత ఆ ఊరి మైదానంలో భారత జట్టు ఒక అంతర్జాతీయ కప్పు కోసం ఆడే అవకాశం వచ్చి, చేతికందకుండా పోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నేను నెల్లూరు మైపాడు రోడ్డులోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిని. పంద్రాగస్టుకు ముందు మూడు రోజులు సెలవు కావాలని డ్రిల్లు మాష్టారు అడగడం ఎంత పెద్ద సంగతో ఉపాధ్యాయులందరికీ తెలుసు. పదిహేనో తేదీ ఉదయం ఏడున్నరకల్లా గ్రౌండులో ఉంటానని మాటిచ్చిన తర్వాతే మా హెడ్మాస్టరుగారు కాగితం మీద సంతకం పెట్టారు. అంత పట్టుపట్టి వెళ్లడానికి నాకొక కారణం ఉంది. మా పిల్లలు ఫుట్‌బాల్ ఆడితే ఇరవై ఇద్దరూ బంతి చుట్టూ ఈగల్లా మూగుతారు. బంతి లేని చోట ఆటగాడికి పని ఉంటుందని ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకు ఎక్కదు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు, ఎందుకంటే టీవీ ఎప్పుడూ బంతినే చూపిస్తుంది, మిగతా మైదానమంతా ఆ చట్రానికి బయటే ఉండిపోతుంది. మైదానం మొత్తం ఒక్క చూపులో కనపడే చోట కూర్చుంటే తప్ప నేను చెప్పేది మా మేనల్లుడికైనా అర్థం కాదనిపించింది.

పదకొండో తేదీ సోమవారం రాత్రి నెల్లూరులో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. దొరికినవి ఆర్‌ఏసీ టికెట్లు కాబట్టి కిటికీ పక్క సీటు ఒక్కటే ఇద్దరికీ కలిపి వచ్చింది. బండి పెన్న వంతెన మీదికి రాగానే వాడు అక్క కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పాడు, ఒంగోలు దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. మర్నాడంతా బండిలోనే గడిచింది. బల్లార్షా, నాగపూర్ దాటుతుండగా పొడుగు నోటుపుస్తకంలో నాలుగైదు పేజీల నిండా మైదానం గీతలు గీయించి, ఆట మొదలైన తర్వాత పది నిమిషాలకొకసారి మనవాళ్లు పదకొండు మంది ఎక్కడెక్కడ ఉన్నారో చుక్కలు పెట్టాలని చెప్పాను.

బుధవారం ఉదయం ఢిల్లీలో దిగాం. ఆంధ్రా భవన్ క్యాంటీనులో పప్పూ పచ్చడీ వేసుకుని కడుపు నిండా తిన్నాక ఢిల్లీ గేటు దగ్గరికి చేరాం. ఫిరోజ్ షా కోట్లా క్రికెట్ మైదానం పక్కనే అంబేద్కర్ స్టేడియం. మా వెనుక వరుసల్లో ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు మన జట్టు కెప్టెన్ బైచుంగ్ భూటియా పేరు పాటలా పాడుతున్నారు.

ఎదుటి జట్టు తజికిస్తాన్. 2006లో ఢాకాలో శ్రీలంకను 4-0తో ఓడించి మొదటి ఛాలెంజ్ కప్ ఎత్తుకెళ్లింది వాళ్లే. ఈసారి గ్రూపు దశలో మనతో 1-1తో సమంగా నిలిచారు. మనవాళ్ల దారీ నల్లేరు మీద నడక కాలేదు. అఫ్గానిస్తాన్ మీద మన ఆటగాడు క్లైమాక్స్ లారెన్స్ ఆఖరి క్షణాల్లో గోలు కొడితే గానీ గెలవలేదు, సెమీఫైనల్లో మయన్మార్ మీద నెగ్గింది కూడా ఒక్క గోలు తేడాతోనే. అందుకే నేను కప్పు మీద ఆశ పెట్టుకోకుండానే కూర్చున్నాను.

తొమ్మిదో నిమిషంలో సునీల్ ఛెత్రీ గోలు కొట్టాడు. సికింద్రాబాదులో పుట్టిన ఈ కుర్రవాడికి టోర్నీ నడుస్తుండగానే, ఆగస్టు 3న, 24 ఏళ్లు నిండాయి. పద్దెనిమిదో నిమిషంలో భూటియా, ఇరవై మూడో నిమిషంలో మళ్లీ ఛెత్రీ. వెనుక నుంచి కురుస్తున్న కేకల్లో పక్కవాడి మాట కూడా వినపడలేదు. మా వాడు చుక్కలు పెట్టడం మరిచిపోయాడేమోనని చూస్తే, పెన్ను కాగితం మీదే ఉంది, కళ్లు మాత్రం బంతికి చాలా దూరంలో ఉన్నాయి. నా చెవి దగ్గరికి వంగి అడిగాడు: "మామా, బంతి ఆడ మూలలో ఉంటే భూటియా ఈడేం చేస్తుండాడు?"

బంతి కుడివైపు గీత దగ్గర ఉంది. భూటియా దానికి వీపు తిప్పి ఎడమవైపుకు మెల్లగా జరుగుతున్నాడు. ఆయనతోపాటు ఇద్దరు తజిక్ రక్షకులు కూడా జరిగారు. వాళ్లు వదిలిన జాగాలోకి ఛెత్రీ నడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఆ ఎత్తుగడలో బంతి వాళ్లదాకా రానేలేదు. అయినా ఆ పది సెకన్ల కోసమే నేను ఢిల్లీ వచ్చాను. మా వాడు భూటియా చుక్క పెట్టి, దాని పక్కన జరిగిన వైపు బాణం గుర్తు గీశాడు. బాణం గీయమని నేను వాడికి చెప్పలేదు.

విరామానికి ఒక నిమిషం ముందు తజికిస్తాన్ ఒక గోలు తిరిగిచ్చింది. ఆ తర్వాత చాలాసేపు గుండె గుప్పిట్లో పెట్టుకునే కూర్చున్నాను. డెబ్బై అయిదో నిమిషంలో ఛెత్రీ మూడోది కొట్టి 4-1 చేశాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఆఖరి ఈల మోగాక మనవాళ్లు మైదానం చుట్టూ తిరుగుతుంటే, ఇరవై ఏడేళ్లకు మనం మళ్లీ ఆసియా కప్‌లో కనిపిస్తామన్న మాట నోటితో అనబోయి అనలేకపోయాను.

తర్వాత 2011 జనవరిలో ఖతర్‌లో ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా చేతుల్లో మన జట్టు మూడు ఆటలూ ఓడినప్పుడు, ఛాలెంజ్ కప్ చిన్న దేశాల కప్పేలే అని తేలిగ్గా మాట్లాడినవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. అంతకు ముందటి విజేతను ఫైనల్లో మూడు గోల్స్ తేడాతో ఓడించి తెచ్చుకున్న చోటు అది, ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు.

ఆ రాత్రే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, గురువారం అర్ధరాత్రి దాటాక విజయవాడలో దిగి, మరో బండి పట్టుకుని తెల్లవారేసరికి నెల్లూరు చేరాం. ఇంటికి వెళ్లే వ్యవధి లేక స్టేషన్ పంపు దగ్గరే ముఖం కడుక్కుని, సంచిలో మిగిల్చి ఉంచిన తెల్ల చొక్కా వేసుకుని, బస్సులో పాఠశాలకు వెళ్లాను. ఏడుంపావుకు గ్రౌండులో ఉన్నాను. జెండా ఎగిరింది, కవాతు సరిగ్గానే జరిగింది, పిల్లలకు చాక్లెట్లు పంచారు.

అందరూ వెళ్లిపోతుంటే ఫుట్‌బాల్ ఆడే పిల్లలను ఆపాను. కవాతుకు గీతలు వేయగా మిగిలిన సున్నంతో నేల మీద పదకొండు గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కొక్కరిని నిలబెట్టాను. "బంతేది సార్?" అని అడిగారు. స్టోర్‌రూములో ఉందని, ఈ రోజు అది బయటికి రాదని చెప్పి, నోటుపుస్తకంలో బాణం గీసిన పేజీ తెరిచి అందరికీ చూపించాను.