సైనిక్‌పురి మేడ మీద వాండాలు

మా కాకినాడలో వాండా అనే ఆర్కిడ్ పెంచడం పెద్ద గొప్పేమీ కాదు. సముద్రపు గాలి, ఎప్పుడూ ఉండే ఉక్క, దానికి కావాల్సింది అదే కాబట్టి చెక్క బుట్టలో కూర్చోబెట్టి చెట్టు నీడన తగిలిస్తే మిగతా పని గాలే చూసుకుంటుంది. హైదరాబాద్ సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ మధ్యాహ్నం పూట గాలిలో చెమ్మన్నదే ఉండదు, ఆరేసిన చీర మడత పెట్టేలోపు ఎండిపోతుంది. అలాంటి ఊళ్ళో ఒక పెద్దాయన, ఆయన భార్య కలిసి సైనిక్‌పురిలో తమ మేడ మీద వాండాలూ, రింకోస్టైలిస్ అనే ఇంకో రకం ఆర్కిడ్లూ పెంచి పూయిస్తున్నారని మా మేనకోడలు ఫొటోలు పంపింది. ఆ వేళ్ళు చూశాక ఇక ఆగలేకపోయాను. పూలు కాదు, వేళ్ళు. ఎండ ఊళ్ళో అంత బలమైన వేళ్ళు ఎలా వచ్చాయో కళ్ళారా చూడాలనిపించింది. జనవరి చివర్లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను. రింకోస్టైలిస్ జైగాంటియా పూసేది కూడా ఆ రోజుల్లోనే.

మేనకోడలు ఉండేది అత్తాపూర్‌లో. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ అక్కడికి దగ్గర కాబట్టి తెల్లారకముందే బండి మీద తీసుకెళ్ళింది. బంతి, చామంతి గుట్టలు దాటి లోపలికి వెళితే డెకరేషన్ వాళ్ళు కొనే పూల దుకాణాలు వస్తాయి. గులాబీ, జెర్బెరా, లిల్లీ, వాటి మధ్య ఊదా తెలుపు కలిసిన ఆర్కిడ్ కాడల కట్టలు. అది డెండ్రోబియం సోనియా అనే హైబ్రిడ్, థాయ్‌లాండ్ నుంచి విమానాల్లో వస్తుంది. మన పెళ్ళి మండపాల వెనక తెరకీ, రిసెప్షన్ స్టేజీకీ కట్టేది ఎక్కువగా ఇదే. ఒక కట్ట చేతిలోకి తీసుకుని చూశాను, కాడ అడుగున నీళ్ళు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి ఉంది. ఆ కాస్త నీటితో అంత దూరం వచ్చి, ఆ పైన పెళ్ళిలో రెండు రోజులు వాడకుండా నిలబడుతుంది. ఆర్కిడ్ అనగానే మన ఊళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది ఈ పువ్వే, కానీ వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఆర్కిడ్ జాతులు దాదాపు 28,000. ఒక్క మన దేశంలోనే 1,256 ఉన్నాయని 2019లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క తేల్చింది, వాటిలో 388 మరెక్కడా పెరగవు.

అక్కడి నుంచి ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. పంజాగుట్ట ట్రాఫిక్ గురించి చెప్పడానికేమీ లేదు. సికింద్రాబాద్ దాటి నేరేడ్‌మెట్ మీదుగా సైనిక్‌పురి చేరేసరికి ఎండ ఎక్కింది.

ఆ పెద్దాయన ఆర్మీలో పనిచేసి రిటైరయ్యారు. షిల్లాంగ్‌లో పోస్టింగ్ ఉన్నప్పుడు ఆర్కిడ్ల మీద ఇష్టం మొదలైందట. కాఫీ తాగుతారా అని ఆంటీగారు అడుగుతుండగానే నేను మెట్లవైపు చూస్తుంటే, "కాఫీ పైకే పంపిస్తానులే అమ్మా, ముందు మొక్కలు చూడు" అని నవ్వేశారు.

మేడ మొత్తం గ్రీన్ నెట్. ఎండ వైపు రెండు పొరలు, ఉత్తరాన ఒకే పొర. ఇనప పైపులకి వరసగా టేకు చెక్క బుట్టలు, వాటిలో మట్టి లేదు, కొబ్బరి పీచు కూడా లేదు, అక్కడక్కడా నాలుగు బొగ్గు ముక్కలు అంతే. బుట్ట సందుల్లోంచి వేళ్ళు నా మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. పొడిగా ఉన్న వేరు వెండి రంగులో, పొడి బూడిద పూసుకున్న విభూతి కడ్డీలా ఉంటుంది. ఆయన గొట్టం తీసి ఒక వేరు మీద నీళ్ళు పోశారు. ముందు నీళ్ళు జారిపోయాయి, వేరు ఏమీ పట్టించుకోలేదు. రెండోసారి పోశాక మచ్చలు మచ్చలుగా ఆకుపచ్చ కనిపించింది, మూడోసారికి ఆ మచ్చలన్నీ కలిసి వేరంతా పచ్చబడిపోయింది. వేరు చుట్టూ స్పాంజిలాంటి చచ్చిన కణాల పొర ఒకటి ఉంటుంది, వెలామెన్ అంటారు. అది నీటిని పీల్చుకుంటే లోపలున్న పచ్చదనం బయటికి కనపడుతుంది. "వేరంతా పచ్చబడే దాకా గొట్టం దించకూడదు. చాలామంది పైపైన చల్లేసి వెళ్ళిపోతారు, మొక్క దాహం తీరదు," అన్నారు ఆయన.

నేను తెలుసుకోవాలని వచ్చింది వేసవి గురించి. ఆయన ఒక మూలన గుడ్డ కప్పి పెట్టిన డెజర్ట్ కూలర్ చూపించారు. ఇంట్లో మనుషులకి కొన్నది కాదు, మొక్కలకే కొన్నది. మార్చి నుంచి వానలు పడేదాకా సాయంత్రం చీకటి పడగానే దాన్ని మేడ మీద వేస్తారు. పగలు కదా వేయాల్సింది అని నాకు అనుమానం. ఆయన చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది. వాండా లాంటివి పగటి ఎండలో నీరు పోకుండా ఆకుల రంధ్రాలు మూసుకుని కూర్చుంటాయి, రాత్రి పూట తెరిచి అప్పుడు కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. కాబట్టి రాత్రి గాలి పొడిగా ఉంటే ఆ తెరిచిన రంధ్రాల్లోంచి నీరు పోతుంది. రాత్రి గాలిలో చెమ్మ నిలబెడితే మొక్క పగలు తట్టుకుంటుంది. నేలంతా గోనెసంచులు పరిచి తడుపుతారు, అదీ సాయంత్రమే.

ఇక నీళ్ళు. హైదరాబాద్ బోరు నీళ్ళలో ఉప్పెక్కువ, ఆర్కిడ్ వేళ్ళకి అది అసలు పడదు, తెల్లటి పెచ్చు కట్టి చివర్లు నల్లబడి ఎండిపోతాయి. ఆయన వానాకాలంలో మేడ నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి మూతలు పెడతారు, అవి అయిపోతే ఏసీ పైపు నుంచి వచ్చే నీళ్ళు. ఎండాకాలంలో పక్కింటి వాళ్ళ ఏసీ నీళ్ళు కూడా వీళ్ళ డ్రమ్ములోకే వస్తాయి, ఆంటీగారు మాట్లాడి పైపు వేయించారు. నిజం చెప్పాలంటే ఖరీదైన ఎరువుల సీసాలన్నిటికంటే ఈ ఏర్పాటే ముఖ్యం.

జైగాంటియా అప్పుడు మంచి పూత మీద ఉంది. మందపాటి ఆకులు, వాటి మీద నిలువునా లేత గీతలు, ఆ ఆకుల మధ్య నుంచి వంగి దిగిన గుత్తి. ఒక్కో పువ్వు తెల్లగా, మీద ముదురు గులాబీ చుక్కలు, మధ్య పెదవి మాత్రం పూర్తిగా ముదురు రంగు. దగ్గరికి వెళ్ళకముందే వాసన తెలిసిపోయింది. థాయ్‌లాండ్, మయన్మార్ వైపు వేడి అడవుల మొక్క ఇది, అందుకే మన వేడికి బెదరదు. దీని బంధువు రింకోస్టైలిస్ రెటూసా అయితే మన తూర్పు కనుమల్లో కూడా ఉంది. అస్సాం వాళ్ళకి అది రాష్ట్ర పుష్పం, బిహూ ఆడే అమ్మాయిల కొప్పుల్లో ఉండేది అదే.

నీలం వాండా, అంటే వాండా సెరూలియా, ఆయన దగ్గర ఒక్కటే ఉంది, అదీ కాస్త నీరసంగా. మేఘాలయలోని ఖాసీ కొండల చల్లదనంలో పుట్టిన మొక్క అది. దాని పక్కనే నిలబడి ఆయన చెప్పిన కథ నాకు ఇంకా మనసులో తిరుగుతోంది. 1850లో హుకర్, థామ్సన్ అనే ఇద్దరు బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞులు ఆ కొండల్లో ఈ మొక్కల్ని ఏడుగురు మనుషులు మోసేంత పీకించి లండన్ క్యూ తోటకి పంపారు. ప్రాణాలతో చేరినవి కొద్ది మాత్రమే. ఆ చోటు చూసి రమ్మని తన తోటమాలిని వాళ్ళ వెంట పంపిన మరో దొర ఒక మనిషి మోత పంపించాడు, అవీ అధ్వాన్నంగానే చేరాయి, అయినా 300 పౌన్లు పలికాయి, ఒక్కో మొక్క 3 నుంచి 10 పౌన్లు. ఇదంతా హుకరే తన ప్రయాణాల పుస్తకంలో రాసుకున్నాడు. ఆ తర్వాత అక్కడి చెట్లకి ఏ గతి పట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇప్పుడు మన వన్యప్రాణి రక్షణ చట్టంలో నీలం వాండా పేరు ఉంది, అడవి నుంచి తీయడం నేరం. స్లిప్పర్ ఆర్కిడ్లు, అంటే పాఫియోపెడిలమ్‌లు, అవీ ఆ జాబితాలోనే ఉన్నాయి.

సెరూలియా పక్కన అదే నీలంతో ఇంకా పెద్ద పూలు, నిండు ఆరోగ్యంతో వాండా రాత్స్‌చైల్డియానా ఉంది. 1931లో రిజిస్టరైన హైబ్రిడ్. తల్లిదండ్రుల్లో ఒకటి ఈ కొండ మొక్కే, రెండోది ఫిలిప్పీన్స్‌లో మిండనావ్ దీవి వేడి అడవుల వాండా శాండెరియానా. నీలం ఒకవైపు నుంచి, వెడల్పు రేకులూ వేడిని ఓర్చుకునే గుణం రెండోవైపు నుంచి వచ్చాయి. మన మైదానాల వాళ్ళకి నీలం వాండా మీద మోజు ఉంటే కొనాల్సింది ఇది. అసలు జాతిని తెచ్చి మండుటెండలో చంపుకోవడం కంటే వెయ్యి రెట్లు మేలు.

వచ్చే దారిలో ఒక చోట ఫుట్‌పాత్ మీద ఒకతను ఆర్కిడ్లంటూ గోనె మీద కుప్ప పోసి అమ్ముతున్నాడు. మేనకోడలు చవకగా ఉన్నాయని ఆగింది. నేను ఒకటి తిప్పి చూశాను. వేళ్ళు మధ్యలో తెగి ఉన్నాయి, వాటికి ఇంకా చెట్టు బెరడు పెచ్చులు అంటుకుని ఉన్నాయి, ఆకులకి పురుగు తిన్న పాత చిల్లులు, ఏ రెండు మొక్కలూ ఒకే వయసువి కావు. నర్సరీలో పెరిగిన మొక్క ఇలా ఉండదు. అందులో చాలావరకు మన వాండా టెస్సెల్లాటా, మామిడి చెట్ల మీద పెరిగే వదనిక. ఈస్టిండియా కంపెనీ కాలపు వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దొర 1795లో కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన పుస్తకంలో వర్ణించిన మొక్క అది. ఆయన ఎన్నో ఏళ్ళు ఉన్నది మా పక్కనే సామర్లకోటలో. ఆ కుప్పని చూస్తే కడుపు తరుక్కుపోయింది. "అత్తా, ఒక్కటైనా బతికించుకుందాం, కొందాం," అంది మేనకోడలు. కొంటే రేపు ఇంకో కుప్ప వస్తుందని చెప్పి తీసుకొచ్చేశాను. దారంతా మాట్లాడలేదు పిల్ల.

తనకి మాత్రం మొక్క కావాలి, అదీ ఫ్లాట్ బాల్కనీలో ఉండేది. మొయినాబాద్ వైపు ఒక నర్సరీలో ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ తీసుకున్నాం, ఏడెనిమిది వందలైంది. ఇంటి లోపలి వెలుతురు చాలు దానికి, హైదరాబాద్ చలికాలపు చల్లటి రాత్రులు దానికి పూలకాడ తొడిగిస్తాయి, ఈ విషయంలో మా కాకినాడ కంటే హైదరాబాదే నయం. అడుగున బిగించి పెట్టిన నాచు లోపల తడి నిలిచి కుళ్ళిపోతుంది కాబట్టి పూలు రాలాక బెరడు ముక్కల్లోకి మార్చమని చెప్పాను.

సైనిక్‌పురిలో బయల్దేరే ముందు ఆయన ఒక సంగతి కదిపారు. ల్యాబ్‌లో గింజ నుంచి పెంచిన టెస్సెల్లాటా పిల్లల సీసా ఒకటి తెప్పిస్తున్నారు. ఆర్కిడ్ గింజ దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు, అడవిలో ఒక రకం బూజు అందిస్తేనే మొలుస్తుంది. ఆ బూజు లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించవచ్చని నడ్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1922లో చూపించాడు కాబట్టే ఇవాళ అడవి ముట్టుకోకుండా వందల మొక్కలు చేసుకోగలుగుతున్నాం. పూత రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, తెలుసు. సీసా ఖర్చు చెరి సగం పెట్టుకుందామన్నాను. జూన్‌లో తొలి వానలు పడి గాలిలో చెమ్మ వచ్చాకే సీసా పగలగొట్టాలని ఆయన, కాకినాడ వాటాకి అంత ఆగక్కర్లేదని నేను, గేటు దగ్గర కాసేపు వాదించుకున్నాం. చివరికి నా వాటా ముందు, ఆయన వాటా వానల తర్వాత అని తేల్చారు ఆంటీగారు.