షాక్ లోడ్‌కి సమానమైన స్టాటిక్ లోడ్ ఎలా లెక్కగట్టాను: నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో మేం ఫ్యాబ్రికేషన్ చేస్తాం. ఆ మధ్య రైలు పెట్టెలో బిగించే 120 కిలోల కంట్రోల్ క్యాబినెట్‌కి ఫ్రేమ్ చేసే పని వచ్చింది. డిజైన్ నాది. షాక్ అంటే క్షణంలో వచ్చిపోయే కుదుపు. ఫ్రేమ్‌ని అది వంచినంతే వంచే నిలకడైన బలమే దానికి సమానమైన స్టాటిక్ లోడ్. ఇలాంటి సామానుకి ఐఈసీ 61373 అనే అంతర్జాతీయ షాక్, వైబ్రేషన్ పరీక్షల ప్రమాణం వర్తిస్తుంది. పెట్టె బాడీకి బిగించేవి రైలు నడిచే దిశలో సెకను స్క్వేర్‌కి 50 మీటర్ల షాక్‌ని తట్టుకోవాలి. అది హాఫ్ సైన్ ఆకారంలో, అంటే ఒకే గుట్టలా పెరిగి తగ్గుతూ, 30 మిల్లీసెకన్లు ఉంటుంది. అడ్డంగా, నిలువుగా అయితే 30 మీటర్లు చాలు.

చాలామంది 120ని 50తో గుణించి 6,000 న్యూటన్లు పెట్టేస్తారు. లేదంటే ఇంపాక్ట్ కదా అని దాన్ని రెట్టింపు చేస్తారు. నాకు రెండూ నచ్చవు. మొదటి లెక్కలో ఫ్రేమ్ ఊగుతుందన్న సంగతే ఉండదు. రెండోది ఒక్కసారిగా పడి అలాగే నిలిచిపోయే లోడ్‌కి వర్తించేది. హాఫ్ సైన్ షాక్‌కి డ్యాంపింగ్ (ఊగడాన్ని అణిచే గుణం) అసలు లేదనుకున్నా, ఆ 6,000ని పెంచాల్సిన గుణకం 1.77 దాటదు.

ఆ గుణకం ఎంతో తేలాలంటే ముందు ఫ్రేమ్ నేచురల్ ఫ్రీక్వెన్సీ, అంటే కదిపి వదిలేస్తే సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, కావాలి. ఫ్రేమ్‌ని బెడ్‌కి బిగించి, క్యాబినెట్‌ని దాని బరువు కేంద్రం ఎత్తులో చైన్ పుల్లీతో రైలు నడిచే దిశలో, దాని బరువుకి సమానంగా 120 కిలోల బలంతో లాగాం. బలం చూడ్డానికి మధ్యలో స్ప్రింగ్ బ్యాలెన్స్, ఎంత జరిగిందో చూడ్డానికి అవతలి వైపు డయల్ గేజ్. ముల్లు 0.77 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. సొంత బరువంత బలానికి ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో తెలిస్తే, ఫ్రీక్వెన్సీ సూత్రంలో వచ్చే స్థిరాంకం 15.8. దాన్ని ఆ అంకె వర్గమూలంతో భాగిస్తే 18 హెర్ట్జ్ వచ్చింది. ఆ 18ని షాక్ వ్యవధి 0.03 సెకన్లతో గుణిస్తే 0.54. హాఫ్ సైన్ షాక్‌కి స్పందన చూపే గ్రాఫ్‌లో దానికి గుణకం 1.63, అంటే లోడ్ దాదాపు 9,800 న్యూటన్లు.

ఆ లోడ్‌తో చూస్తే ఫ్రేమ్ కాలి దగ్గర వెల్డ్ అంచులో స్ట్రెస్ ఎక్కువగా కనబడింది. ఒక ఐమూల పట్టీ వేయించి మళ్లీ లాగితే 0.34 వచ్చింది. అంటే 27 హెర్ట్జ్, గుణకం సరిగ్గా శిఖరం మీద, 1.77. లోడ్ 10,600కి పెరిగింది. "సార్, గట్టిగా చేస్తే లోడ్ పెరగడమేంటి?" అని మా వెల్డర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. షాక్ వ్యవధి ఊగే కాలంలో సుమారు 0.8 వంతు ఉన్నప్పుడే ఫ్రేమ్ అన్నిటికంటే ఎక్కువగా స్పందిస్తుంది. మా పట్టీ దాన్ని సరిగ్గా అక్కడికి చేర్చింది. పట్టీ వల్ల వెల్డ్ మీద భారం తగ్గినా నాకు ఆ చోట ఆగాలనిపించలేదు. నాలుగు మూలలా గస్సెట్లు (మూలని బిగించే త్రికోణపు రేకులు) వేయించాను. డయల్ 0.1 చూపింది. 50 హెర్ట్జ్, గుణకం 1.5, లోడ్ 9,000 న్యూటన్లు.

ఆ 9,000ని బేస్ ప్లేట్ మీద కాకుండా బరువు కేంద్రం దగ్గర, అంటే 600 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టాలి. లేకపోతే బోల్టుల మీద లాగుడు బయటపడదు. మా బోల్టు వరసల మధ్య దూరం 400 మిల్లీమీటర్లు, వరసకి రెండేసి బోల్టులు. క్యాబినెట్ బరువు తీసేసినా ఒక్కో బోల్టు మీద సుమారు 6,500 న్యూటన్ల లాగుడు తేలింది. షాక్ రెండు వైపుల నుంచీ వస్తుంది కాబట్టి రెండు వరసలకీ అదే లెక్క.

ఈ పద్ధతి ఫ్రేమ్ మొత్తం ఒకే ముద్దగా ఊగుతున్నప్పుడే పనికొస్తుంది. క్యాబినెట్ లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పలచటి రేకు మీద కూర్చుంటే దాని ఫ్రీక్వెన్సీ వేరు, దాని లెక్క విడిగా వేసుకోవాల్సిందే.