తలుపు దగ్గర పాడిన పిల్లాడు

డిసెంబరు 21, ఆదివారం

పొద్దున్న ఆరున్నరకి హరిదాసు వచ్చాడు. ఇప్పుడు నడిచి రావడం లేదు, మోపెడ్ మీద మైకు పెట్టుకుని తిరుగుతున్నాడు. అక్షయపాత్ర కూడా బండి ముందే అమర్చుకున్నాడు. మాది మూడో అంతస్తు, లిఫ్టు పాడై రెండు రోజులైంది. దోసెడు బియ్యం కోసం అన్ని మెట్లు ఎవరు దిగుతారులే అని దుప్పటి ముసుగేశాను. అతని కీర్తన గేటు దగ్గర కాసేపు ఆగి, ముందుకెళ్ళిపోయింది.

పదింటికి అక్క కూతురు ఫోన్ చేసింది. స్కూల్లో డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కేరల్' నాటిక వేస్తున్నారట. "పిన్నీ, నాకు ఒక్క లైనే ఇచ్చారు" అని ఏడుపు గొంతు. స్క్రూజ్ ఆఫీసు తాళం కన్నం దగ్గర వంగి క్రిస్మస్ పాట అందుకునే పిల్లాడి వేషం. పాట మొదలవగానే స్క్రూజ్ రూళ్ళకర్ర అందుకుంటాడు, పిల్లాడు పరుగో పరుగు. "తర్వాత వాడేమవుతాడు?" అంది. నాకు గుర్తు లేదు. చూసి చెప్తానన్నాను.

భోజనాలయ్యాక పుస్తకం తీశాను. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి స్క్రూజ్. బొగ్గుల పెట్టె తన గదిలో పెట్టుకుంటాడు, గుమస్తా బాబ్ క్రాచిట్ కొవ్వొత్తి దగ్గర చలి కాచుకోవాలి. వాడి జీతం వారానికి 15 షిల్లింగులు. 1843 డిసెంబరు 19న ఈ పుస్తకం వచ్చినప్పుడు వెల 5 షిల్లింగులు. అంటే బాబ్ తన కథ తాను కొనుక్కోవాలంటే వారం జీతంలో మూడో వంతు పోతుంది! అయినా మొదటి 6,000 ప్రతులు క్రిస్మస్ లోపే అయిపోయాయి.

క్రిస్మస్ ముందు రాత్రి స్క్రూజ్ దగ్గరికి మూడు ఆత్మలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చివరిది చూపించిన తన సమాధి రాయి చూసి భయపడి మారాడని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇవాళ చదివితే అలా అనిపించలేదు. మొదటి ఆత్మ అతన్ని చిన్నప్పటి బడికి తీసుకెళ్తుంది. సెలవులకి అందరూ ఇళ్ళకి పోయారు, ఒక్క పిల్లాడు మాత్రం చిన్న మంట పక్కన కూర్చుని చదువుకుంటున్నాడు. తనే. అది చూసి ముసలాయన ఏడుస్తాడు. నిన్న రాత్రి నా తలుపు దగ్గర ఒక పిల్లాడు పాడాడు, వాడికేమైనా ఇచ్చి ఉండాల్సింది, అంటాడు. అంతే. సమాధి ఇంకా చాలా దూరంలో ఉంది. ఒంటరి పిల్లాడి సంగతి డికెన్స్‌కి బాగా తెలుసు. 1824లో అప్పుల కింద తండ్రిని మార్షల్సీ జైల్లో పెట్టిన రోజుల్లో, పన్నెండేళ్ళ వయసులో తను బూటు పాలిష్ ఫ్యాక్టరీలో డబ్బాలకి లేబుళ్ళు అతికించాడు.

తెల్లారాక స్క్రూజ్ హడావిడి చూడాలి. టర్కీ కోడి కోసం వీధిలో కుర్రాణ్ణి పరిగెత్తిస్తాడు. కొట్టువాణ్ణి వెంటబెట్టుకొస్తే షిల్లింగు, అయిదు నిమిషాల్లోపు వస్తే రెండున్నర షిల్లింగులు. చందా అడిగితే తను పొమ్మన్న పెద్దమనిషి రోడ్డు మీద కనిపిస్తే చెవిలో ఎంతిస్తాడో చెప్తాడు. భోజనానికి పిలిచినప్పుడు తను కసిరిన మేనల్లుడి ఇంటికి భోజనానికి వెళ్తాడు. మర్నాడు బాబ్‌కి జీతం పెంచుతాడు. ముందురోజు కసురుకున్న వాళ్ళ లెక్కలు ఒక్కొక్కటీ సరిచేస్తున్నాడన్నమాట. పాట పిల్లాడు తప్ప. వాడు మళ్ళీ ఎక్కడా రాడు. రెండుసార్లు పేజీలు తిప్పి చూశాను.

సాయంత్రం ఫోన్ చేసి అదే చెప్పాను.

"స్క్రూజ్ వాణ్ణి వెతకడా?"

"లేదే."

"స్క్రూజ్ మర్చిపోయాడా, రాసినాయన మర్చిపోయాడా?"

ఏం చెప్పాలో తోచలేదు. తనే తేల్చేసింది: "అయితే చివర్లో నేను ఇంకోసారి వస్తానని టీచర్‌కి చెప్తా." లైను పెంచుకోవడానికి భలే దారి దొరికింది దానికి.

పడుకోబోయే ముందు గ్లాసుడు బియ్యం తలుపు పక్కన పెట్టాను. అమ్మ చూసి, "రేపు అతను పక్క వీధికి వెళ్తాడే, మనవైపు ఎప్పుడొస్తాడో" అంది. తర్వాత గ్లాసులోకి తొంగి చూసి, "హరిదాసుకి రేషను బియ్యమా!" అంది.

వాటిని డబ్బాలో పోసేసి సోనామసూరి తీశాను. అర గ్లాసు.