పల్లీలు లేని సర్వపిండి

మా హనుమకొండ ఇంట్లో సర్వపిండి అంటే పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు దండిగా పడాల్సిందే. బాపు రిపోర్టులో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌తో పాటు పొటాషియం కూడా ఎక్కువ వచ్చింది. ఉప్పు, పొటాషియం, ఫాస్ఫరస్ మూడూ తగ్గించమన్నారు డాక్టర్. దాంతో పల్లీలు, పప్పు పోయాయి. సర్వపిండి పోనివ్వడం నాకు ఇష్టం లేదు.

పొద్దున నాకు స్కూల్ టైమ్ కాబట్టి సగం పని రాత్రే అయిపోవాలి. ఆనిగెపుకాయ చెక్కు తీసి, తురిమి, ఎక్కువ నీళ్లలో ఒక పొంగు రానిచ్చి, వంచేసి గట్టిగా పిండి ఫ్రిజ్‌లో పెడతాను. పొటాషియం కొంత ఆ నీళ్లలోకి దిగిపోతుంది. మామూలుగా కాయలో ఊరిన నీళ్లతోనే పిండి తడుపుతాం, రుచంతా అందులోనే! పారబోసేటప్పుడు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

పొద్దున బియ్యప్పిండిలో ఆ తురుము, ఉల్లిగడ్డ ముక్కలు, జీలకర్ర, కల్యామాకు, కచ్చాపచ్చాగా దంచిన ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి. నువ్వులు వాసనకు ఒక చెంచా, ఉప్పు చిటికెడు. ఉప్పు తగ్గిన లోటు ఎల్లిగడ్డే తీర్చాలి, అందుకే దాని దగ్గర పిసినారితనం చేయను. తమ్ముడు ప్రేమగా 'తక్కువ సోడియం' ఉప్పు ప్యాకెట్ తెచ్చాడు. అలాంటి ఉప్పులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, బాపుకు అసలే పనికిరాదు. వాపస్ పంపించాను.

వేడి మూకుడులో పిండి ఒత్తితే చేతులు కాలుతాయి. అందుకే రెండు మూకుళ్లు. ఒకటి పొయ్యి మీద ఉండగా రెండోదాంట్లో పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి మూత పెడతాను. మంట సిమ్‌లోనే ఉండాలి. అంచులు వదిలి, అడుగు ఎర్రగా కరకరలాడితే అయినట్టే. పక్కన ఆవకాయ, టమాట చట్నీ ఉండవు.

"పల్లీలేవి బిడ్డా?" అంటాడు బాపు. "పంటి కింద ఎల్లిగడ్డ తగులుతుంది కదా, తిను బాపు" అంటాను.

అందరికీ ఇదే లెక్క అనుకోవద్దు. డయాలిసిస్‌లో ఉన్న మా మేనమామకు ప్రోటీన్ ఎక్కువే కావాలన్నారు. అందుకని అత్తమ్మ ఇదే సర్వపిండి పక్కన గుడ్డు తెల్లసొన అట్టు వేస్తుంది. ఎవరి రిపోర్టును బట్టి వాళ్లు డాక్టర్‌ని అడిగి చేసుకోవాలి.

పిల్లలకు మాత్రం పల్లీల ముద్ద వేరే కలుపుతాను. తాత ముందు కూర్చుని తినొద్దంటే వింటారా!